గిలానుపట్ఠాక ధర్మం: రక్త క్యాన్సర్ చికిత్సలో జీవిత భాగస్వామి

భగ్గ దేశంలోని సుంసుమారగిరిలో నకులపిత అనే గృహస్థు తీవ్ర వ్యాధిగ్రస్తుడై మంచం పట్టిన సందర్భాన్ని అంగుత్తర నికాయంలోని ఛక్క నిపాతం వర్ణిస్తున్నది. పక్కన కూర్చున్న భార్య నకులమాత ఔషధాన్ని గురించి గాని, దైవసహాయాన్ని గురించి గాని మాట్లాడలేదు. మనసులో బెంగతో మరణించడం దుఃఖకరమని చెప్పి, భర్త మనసులో ఉండగల ఆరు సందేహాలను తానే ఒక్కొక్కటిగా ప్రస్తావించి సమాధానం చెప్పింది. వాటిలో మొదటిది ఇల్లు గడవడం. తనకు పత్తి వడకడం, ఉన్ని దువ్వడం తెలుసునని, పిల్లలను పోషించి సంసారాన్ని నిలబెట్టగలనని ఆమె ధైర్యం చెప్పింది. శీలం, చిత్తశాంతి, ధర్మంలో నిశ్చలత్వం ఆ తరువాతి మాటలు. ఆధ్యాత్మిక విషయాల కంటే ముందు జీవనోపాధిని ప్రస్తావించిన ఈ క్రమం గమనింపదగినది. రోగి మనసును పీడించేది తరచుగా తన మరణం కాదు, తన వెనుక మిగిలే వారి గతి.

ఆమె మాటలు వినగానే నకులపిత వ్యాధి శమించినట్లు సూత్రం చెబుతున్నది. దీనిని మాటలతో రోగం నయమవుతుందనే వాదంగా గ్రహించడం సరికాదు. వినయ పిటకం ఔషధాలకు ఒక ప్రత్యేక ఖంధకాన్నే కేటాయించింది. బౌద్ధ సంప్రదాయం ఔషధాన్ని, పరిచర్యను, మనశ్శాంతిని మూడింటినీ వేరువేరు అవసరాలుగా గుర్తించింది. రక్త క్యాన్సర్ చికిత్స ఈ మూడింటినీ ఏకకాలంలో కోరుతుంది.

తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియాలో ఎముక మజ్జలో పరిపక్వం కాని తెల్ల కణాలు విపరీతంగా పెరిగి, ఆరోగ్యకరమైన కణాలకు చోటు లేకుండా చేస్తాయి. తట్టుకోగల రోగులకు తొలి చికిత్సగా సాధారణంగా సైటరబిన్‌ను 7 రోజులు, డానోరూబిసిన్ వంటి మందును 3 రోజులు ఇస్తారు. ఈ మందులు వ్యాధి కణాలతో పాటు మంచి కణాలనూ నశింపజేస్తాయి. అందువల్ల మందు పూర్తయిన తరువాతి రెండు మూడు వారాలే అత్యంత ప్రమాదకరమైనవి. తెల్ల కణాలు పడిపోయినందున ఇన్ఫెక్షన్, ప్లేట్‌లెట్లు పడిపోయినందున రక్తస్రావం సంభవించవచ్చు. మందు అయిపోయింది గనుక గండం గడిచిందని కుటుంబం ఊపిరి పీల్చుకొనే సమయమూ అదే కావడం విషాదం.

ఉత్తమ పరిచారకునికి, అనగా గిలానుపట్ఠాకునికి, ఐదు లక్షణాలు ఉండాలని మహావగ్గం చెబుతున్నది: ఔషధం సిద్ధం చేయగలగడం, పథ్యాపథ్యాలు తెలియడం, లాభాపేక్షతో గాక మైత్రితో సేవించడం, మలమూత్రాదులను తొలగించడానికి ఏవగించుకోకపోవడం, సమయోచితంగా మంచి మాటతో రోగికి ఉత్సాహం కలిగించడం.

మొదటి లక్షణం నేడు లెక్కగా, వ్రాతగా మారింది. ఏ మందు ఎన్ని గంటలకు ఇవ్వాలి, ఉదయపు రక్తపరీక్షలో కణాల సంఖ్య ఎంత, జ్వరం ఎప్పుడు చూశారు అనే వివరాలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. ఇంటి వద్ద ఉన్నప్పుడు ఉష్ణోగ్రత 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే, అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి చేరాలి. వైద్యుని అడగకుండా పారాసిటమాల్ ఇస్తే జ్వరం తగ్గినట్లు కనిపించి అసలు ప్రమాదం కప్పబడుతుంది.

రెండవది పథ్యజ్ఞానం. బాగా ఉడికిన వేడి ఆహారం, కాచి చల్లార్చిన నీరు మేలు. పచ్చి కూరలు, బయటి పండ్ల రసాలు, చాలాసేపు నిలవ ఉన్న వంటలు కూడవు. వైద్యునికి తెలియకుండా ఆకు పసర్లు, నాటు మందులు ఇవ్వరాదు. పరామర్శ కూడా ఒక్కొక్కసారి అపథ్యమే. దగ్గుతూ, తుమ్ముతూ ప్రేమతో వచ్చిన దగ్గరి బంధువును గుమ్మం వద్దనే ఆపవలసిన కష్టమైన బాధ్యత జీవిత భాగస్వామిది. ఆ మాట మృదువుగా చెప్పవచ్చు గాని, చెప్పక మానరాదు.

మూడవ, నాల్గవ లక్షణాలు కలిసే ఉంటాయి. అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు, ఆనందుడు స్వయంగా కడిగి శయ్యపై పడుకోబెట్టిన ఘట్టం మహావగ్గంలో ప్రసిద్ధం. అతడు ఇతరులకు ఉపయోగపడడు గనుక ఎవరూ అతణ్ణి పట్టించుకోలేదు. కీమోథెరపీ పొందుతున్న వ్యక్తికి వాంతులు, విరేచనాలు, నోటిపూత సామాన్యం. మందు ఇచ్చిన తరువాత సుమారు 48 గంటల పాటు రోగి వాంతిలో, మూత్రంలో ఆ మందు అంశాలు ఉంటాయి గనుక చేతి తొడుగులు ధరించి శుభ్రం చేయాలి. చేతి తొడుగు ఏవగింపుకు గుర్తు కాదని భాగస్వామి ముందే చెప్పి ఉంచితే రోగి మనసు నొచ్చుకోదు.

ఐదవది మంచి మాట. నీకేమీ కాదు అనే హామీ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. నకులమాత కూడా ఆ హామీ ఇవ్వలేదు. తాను నిలబెట్టుకోగల మాటలనే ఆమె ఇచ్చింది. నేటి నకులమాత ఇచ్చే భరోసా బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో తనకు తెలుసునని, పిల్లల ఫీజు కట్టానని, ఆరోగ్యశ్రీ లేదా ఇతర బీమా అనుమతి ఎంతవరకు వచ్చిందో కనుక్కున్నానని చెప్పడం కావచ్చు. భార్య రోగి, భర్త పరిచారకుడు అయినప్పుడు వంట, పిల్లల జడలు, వృద్ధులైన అత్తమామల మందులు అతడు చేపట్టి చేసి చూపడమే ఆ భరోసా.

మహావగ్గం రోగి ధర్మాన్ని కూడా విస్మరించలేదు. తన వ్యాధిలోని హెచ్చుతగ్గులను ఉన్నదున్నట్లు చెప్పని రోగికి పరిచర్య చేయడం కష్టమని అది స్పష్టం చేసింది. భాగస్వామి నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక చలిజ్వరాన్ని దాచిన రోగి, ప్రేమతోనే ప్రమాదాన్ని తెచ్చుకుంటాడు. కనుక చెప్పడం బరువు మోపడం కాదని ఇరువురూ చికిత్సారంభంలోనే ఒప్పందం చేసుకోవాలి.

ఇంత భారాన్ని ఒక్కరే మోయాలని సంప్రదాయం ఎన్నడూ విధించలేదు. ఉపాధ్యాయుడు, ఆచార్యుడు, శిష్యుడు, సహాధ్యాయి వరుసగా రోగి బాధ్యత వహించాలని, ఎవరూ లేనప్పుడు సంఘమే వహించాలని, వహించకపోతే అది దోషమని వినయం నిర్ణయించింది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని శిలలపై చెక్కిన అశోకుని రెండవ శిలాశాసనం మనుష్యులకు, పశువులకు చికిత్స ఏర్పాట్లను, ఔషధ మొక్కలు లేనిచోట తెప్పించి నాటించడాన్ని రాజ్యధర్మంగా ప్రకటించింది. పాటలీపుత్రంలోని కుమ్రహార్‌లో 1951-55 తవ్వకాలలో ఆరోగ్యవిహారమనే పేరున్న మట్టి ముద్ర లభించింది. ప్లేట్‌లెట్ దాతలను వెదకడం, ఒక రాత్రి ఆసుపత్రిలో మేల్కొనడం, ఒక పూట అన్నం పంపడం బంధుమిత్రులు పంచుకోదగిన పనులు. అయితే మూలకణ మార్పిడి జరిగే అవకాశం ఉంటే రక్తసంబంధీకులు రక్తం ఇచ్చే ముందు వైద్యుణ్ణి సంప్రదించాలి. ఆరు గంటల నిద్ర అడిగి తీసుకోవడం భాగస్వామి స్వార్థం కాదు. నిద్రలేని కన్ను జ్వరమాపిని సరిగా చదవదు.

అంగుత్తర నికాయం తిక నిపాతంలో ముగ్గురు రోగుల ప్రస్తావన ఉన్నది. చికిత్స అందినా అందకపోయినా కోలుకొనేవాడు ఒకడు, అందినా కోలుకోనివాడు ఒకడు, అందితేనే కోలుకొనేవాడు మరొకడు. ఆ మూడవవాని కొరకే ఆహారం, ఔషధం, పరిచర్య విధించబడ్డాయి. అతని కారణంగానే మిగిలిన ఇరువురికీ సేవ చేయాలి. మంచం పక్కన కూర్చున్నవారికి తమవారు ఈ ముగ్గురిలో ఎవరో తెలియదు. ఫలితం ఎటైనా ఆ సేవ వ్యర్థం కాదని ఈ సూత్రం వారికి చెబుతున్నది.

నకులపిత కోలుకున్నాక చేతికర్ర ఊతంతో బుద్ధుని వద్దకు నడిచి వెళ్లాడు. అట్టి భార్య లభించడం నీకు గొప్ప లాభమని బుద్ధుడు అతనితో చెప్పాడు. చేతికర్ర వివరాన్ని సూత్రకర్త ఊరకే చేర్చలేదు. వ్యాధి శమించడం, బలం రావడం ఒకటి కాదు. రక్త క్యాన్సర్‌లోనూ తొలి ఉపశమనం తరువాత మళ్లీ పలు విడతల చికిత్స, నెలల నీరసం మిగిలే ఉంటాయి. ఇంటికి వచ్చిన రోజున దిష్టి తీసి అందరూ వెళ్లిపోయాక కూడా ఆ చేతికర్రగా నిలిచేది జీవిత భాగస్వామియే.