సరాసరిని నమ్మవచ్చునా?

ఇబ్రహీంపట్నములోనైనను క్రికెట్ అభిమానులు నలుగురు కూడినచో, ఐపీఎల్ వేలములో ఎవరికెంత ధర తగునను వాదము తప్పదు. అందరు చూపు సాక్ష్యము బ్యాటింగు సరాసరి.

హైదరాబాదు ఆటగాడు వి.వి.యస్. లక్ష్మణ్ 1996 నుండి 2012 వరకు టెస్టులలో 225 ఇన్నింగ్సులాడి 8,781 పరుగులు తీసెను. 225చే భాగించిన వచ్చునది 39 మాత్రమే. కాని 34 సార్లు ఆయన ఔటు కాలేదు. ఆ ఇన్నింగ్సులు సగములో ఆగినవి. అందుచే 191 ఔట్లతో భాగించి 45.97 అందురు. ఇది న్యాయమే.

చిక్కంతయు కొత్తవారితోనే. ఒక కుర్రవాడు పది ఇన్నింగ్సులలో 200 పరుగులు తీసి, రెండుసార్లే ఔటయ్యెననుకొందము. సరాసరి 100! లక్ష్మణ్‌ను మించెనని కోట్లకు వేలము పాడవచ్చును. కాని ఇక్కడ భాజకము రెండే. మరునాడు సున్నాకు ఔటైనచో ఆ నూరు 66.67కు కూలును. లక్ష్మణ్ మరొక సున్నా చేసియుండినను సరాసరి 45.73కు మాత్రమే దిగెడిది.