బర్డ్‌ ఫ్లూ: వైరస్‌కు సాయం చేసేది కోడి ప్రోటీనే.. దాన్ని మార్చేస్తే?

బర్డ్‌ ఫ్లూ అంటేనే కోళ్ల రైతులకు దడ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలనూ వణికించింది. అయితే ఈ వైరస్‌ సొంతంగా పెరగలేదు. కోడి కణంలోకి దూరాక.. అక్కడి ఏఎన్‌పీ32ఏ అనే ప్రోటీన్‌ను వాడుకునే తన జన్యువులకు కాపీలు తీస్తుంది. మనిషిలోని ఇదే ప్రోటీన్‌లో 33 అమైనో ఆమ్లాల ముక్క ఉండదు. అందుకే పక్షి వైరస్‌ మన కణాల్లో తేలిగ్గా పెరగదు.

మరి కోడిలో ఈ ప్రోటీన్‌ను మార్చేస్తే? బ్రిటన్‌ శాస్త్రవేత్తలు ఆ పనే చేసి, 2023లో ఫలితాలు ప్రకటించారు. జన్యువు మార్చిన 10 కోళ్లలో 9 వైరస్‌ను తట్టుకున్నాయి. డోసు బాగా పెంచితే మాత్రం సగం కోళ్లకు సోకింది. వైరస్‌ కూడా మారిపోయి, అదే కుటుంబంలోని వేరే ప్రోటీన్లను వాడుకుంది. అంటే ఒక్క దారి మూస్తే చాలదు. ప్రస్తుతానికి ఫారంలోకి వైరస్‌ రాకుండా చూసుకోవడమే రైతుకు రక్ష.