దూరం కొట్టినవాడే గెలవడు

బిళ్ళంగోడు ఆటలో బిళ్ళ ఎంత దూరం పోతే అంత లాభం. గాల్ఫ్ కూడా అంతేనని చూసేవారికి అనిపిస్తుంది. కర్రతో చిన్న బంతిని కొట్టి, వందల గజాల అవతల ఉన్న గుంటలో వేయాలి. అలాంటి గుంటలు 18. అన్నిటికీ కలిపి తక్కువ దెబ్బలు కొట్టినవాడే విజేత. మరి మొదటి దెబ్బే బలంగా కొడితే పని సులువు కదా! అమెరికాలోని మెరియన్ మైదానంలో మాత్రం ఆ లెక్క కుదరదు.

ఫిలడెల్ఫియా నగరం దగ్గర ఆర్డ్‌మోర్‌లో 1912లో ఈ మైదానాన్ని తెరిచారు. దీన్ని తీర్చిదిద్దిన హ్యూ విల్సన్ ఇన్సూరెన్సు వ్యాపారి. విస్తీర్ణం సుమారు 126 ఎకరాలే. పెంచుదామంటే చుట్టూ ఇళ్ళు, రోడ్లు. అందుకే ఇక్కడ పరీక్ష కండబలానికి కాదు, కొలతకు.

11వ గుంట సంగతే తీసుకుందాం. పొడవు సుమారు 370 గజాలు. గుంట ఉన్న పచ్చిక మడిని ఆనుకుని వాగు మలుపు తిరుగుతుంది. మొదటి దెబ్బ చాలకపోతే రెండో దెబ్బకు వాగు దాటించడం కష్టం. మరీ జోరుగా కొడితే వాగు భయం ముందే ఎదురవుతుంది. బంతి ఎక్కడ ఆగాలో లెక్క వేసుకుని, పెద్ద కర్రను పక్కనపెట్టి చిన్న కర్ర తీసుకున్నవాడే బాగుపడతాడు.

1981లో ఇక్కడ అమెరికా ఓపెన్ పోటీ జరిగింది. తర్వాత 32 ఏళ్ళపాటు ఆ పోటీ మళ్ళీ ఇటు రాలేదు. ఈలోగా కొత్త రకం కర్రలు, బంతులు వచ్చి దెబ్బ దూరం పెరిగింది. ఇంత చిన్న మైదానం ఇక పనికిరాదన్న మాట పుట్టింది. 2013లో పోటీ తిరిగి వచ్చేనాటికి కూడా మొత్తం పొడవు 7 వేల గజాల లోపే. ఆటగాళ్ళ ముందు మైదానం నిలవదని చాలామంది తలచారు.

జరిగింది వేరు. నాలుగు రోజుల ఆటకు నిర్ణయించిన దెబ్బలు 280. ఆ లెక్కను ఒక్కరూ అందుకోలేకపోయారు. ఇంగ్లండు ఆటగాడు జస్టిన్ రోజ్ 281 దెబ్బలతో గెలిచాడు.

అమెరికా ఆటగాడు ఫిల్ మికెల్సన్ అన్నిటికన్నా దూరం కొట్టే ‘డ్రైవర్’ కర్రను సంచిలో పెట్టుకోకుండానే ఆ పోటీ ఆడాడు. అయినా చివరిరోజు 13వ గుంట దగ్గర కొలత తప్పాడు. మైదానంలోకెల్లా పొట్టి గుంట అది, సుమారు 120 గజాలు. మొదటి దెబ్బకే బంతి మడి దాటి అవతల పడింది. అక్కడ ఒక దెబ్బ అదనమైంది. చివరికి రెండు దెబ్బల తేడాతో కప్పు చేజారింది.

పిట్ట కొంచెం, కూత ఘనం. పనికిరాదన్న ఆ మైదానంలోనే 2030లో మళ్ళీ అమెరికా ఓపెన్ జరపాలని నిర్వాహకులు నిర్ణయించారు.