కంచంలో ఎడమ సగం

పక్షవాతం వచ్చి తగ్గుముఖం పట్టిన పెద్దాయన భోజనానికి కూర్చున్నారు. కంచంలో కుడివైపు ఉన్నదంతా తిన్నారు. ఎడమవైపు అన్నం, కూర అలాగే ఉన్నాయి. "ఇంకాస్త అన్నం వడ్డించు" అన్నారు. "ఎదురుగా ఉన్నది కనబడటం లేదుటండీ?" అని భార్య విసుక్కుంది. కళ్లద్దాలు మార్పించాలన్నాడు కొడుకు. మా దగ్గరికి వచ్చే కుటుంబాలవారు తరచు చెప్పే సంగతే ఇది.

కంచాన్ని ఒకసారి అటునుంచి ఇటు తిప్పి చూడండి. మిగిలిన అన్నం కుడివైపుకు రాగానే ఆయన తినేస్తారు! ఇది మొండితనం కాదు, మతిమరుపు కాదు. మెదడు ఎడమవైపు ప్రపంచాన్ని పట్టించుకోవడం మానేసింది. వైద్యులు దీన్ని 'స్పేషియల్ నెగ్లెక్ట్' అంటారు. మెదడులో కుడి సగం దెబ్బతిన్నప్పుడు ఇది ఎక్కువ. అందుచేత ఎడమ చెయ్యి, కాలు పడిపోయినవారిలో దీన్ని తప్పక గమనించాలి.

లోపం కళ్లలోనే ఉంటే జ్ఞాపకాలలో ఎడమవైపు మాయం కాకూడదు కదా? 1978లో ఇటలీ పరిశోధకులు బిసియాక్, లుజాటి ఇద్దరు రోగులను మిలాన్ నగరంలోని పెద్ద చర్చి కూడలిని తలుచుకుని వర్ణించమన్నారు. చర్చికి ఎదురుగా నిలుచున్నట్టు ఊహించుకున్నప్పుడు వారు ఎక్కువగా కుడివైపు భవనాలే చెప్పారు. చర్చి దగ్గర నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించుకోమంటే, ఇందాక వదిలేసినవే చెప్పారు!

ఎలా గుర్తించాలి?

రోగికి తన లోపం తెలియకపోవచ్చు. కనుక కనిపెట్టవలసింది మీరే. ఒక చెంపకే గడ్డం గీసుకోవడం, చొక్కా ఎడమ చెయ్యి తొడుక్కోకపోవడం, ఎడమ భుజం గుమ్మానికి తగలడం, ఎడమవైపు నుంచి పిలిస్తే పలకకపోవడం, పత్రికలో శీర్షిక మొదటి మాటలు వదిలి చదవడం దీని గుర్తులు.

తెల్లకాగితం మీద 20 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, ఆయనకు సరిగ్గా ఎదురుగా పెట్టి, మధ్యలో గుర్తు పెట్టమనండి. ఈ లోపం ఉన్నవారి గుర్తు కుడికి జరుగుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కొలిచి, తేదీ వేసి దాచండి. వారానికొకసారి అదే వేళకు, అదే కుర్చీలో మళ్లీ చేయించండి. అలసి ఉన్నప్పుడు వద్దు.

కాగితం మీద నెగ్గినవారు కూడా గుమ్మానికి గుద్దుకోవచ్చు. అందుకే రోజువారీ పనులూ రాయండి. భోజనం, గడ్డం, బట్టలు, నడక - ఒక్కొక్కదానికి లోపం లేకపోతే 0, కొద్దిగా ఉంటే 1, మధ్యరకమైతే 2, ఎక్కువైతే 3. ఆస్పత్రుల్లో వాడే కేథరిన్ బెర్జెగో కొలమానం ఇలాంటిదే. అందులో 10 అంశాలు, మొత్తం 30. మీ పుస్తకం డాక్టరుకూ, ఫిజియోథెరపిస్టుకూ చూపించండి. చాలామందిలో మొదటి రెండు మూడు నెలల్లో మార్పు కనిపిస్తుంది. కొందరిలో లోపం మిగిలిపోతుంది.

మీరు చేయగలిగింది

పుస్తకానికీ, భోజనం బల్లకూ ఎడమ అంచున ఎర్ర పట్టీ అంటించి, "ఎర్రది కనబడేదాకా చూడండి" అని గుర్తుచేయండి. మంచినీళ్లు, పిలిచే గంట మాత్రం కుడివైపే ఉంచండి. చక్రాల కుర్చీలో ఎడమ చెయ్యి చక్రంలో పడకుండా చూడండి. డాక్టరు అనుమతించేదాకా స్కూటరు, కారు నడపనివ్వకండి. లోపం హఠాత్తుగా పెరిగినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

మీరు ఎడమవైపు కూర్చుంటే ఆయన పలకలేదని బాధపడకండి. ఆయన మిమ్మల్ని కాదనలేదు. మెల్లగా పేరు పెట్టి పిలవండి, చెయ్యి తాకండి, తల ఇటు తిరిగేదాకా ఆగండి. ఆ తిరగడమే ఆయనకు వైద్యంలో ఒక భాగం.