బ్యాటు చప్పుడు, పిడుగు దూరం

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో రెండింటికి కొరత ఉండదు. ఒకటి ఎండ, రెండోది క్రికెట్టు. మీ ఇల్లు పాతబస్తీలో శాలిబండలోనో, లాల్ దర్వాజాలోనో, గౌలిపురాలోనో ఉన్నదనుకోండి. బడికి సెలవులు ఇచ్చారు. ఈ వేసవిలో ఇంటిల్లిపాదీ కలిసి కొన్ని మ్యాచ్‌లు చూడాలని నిశ్చయించుకున్నారు. నాన్న, అమ్మ, అక్క, చెల్లి, మీరు బయలుదేరి, నయాపూల్ దాటి, కోఠీ, అంబర్‌పేట మీదుగా ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియం చేరారు. తాతయ్య మాత్రం "ఆ మెట్లెక్కే ఓపిక నాకు లేదురా, నేను ఇంట్లోనే చూస్తాను" అని టీవీ ముందు కూర్చున్నారు.

మీకు పైవరుసలో చోటు దొరికింది. బౌలరు పరుగెత్తుకుంటూ వచ్చి బంతి విసిరాడు. బ్యాట్స్‌మన్ కొట్టాడు. బంతి లేచింది. ఆ తరువాత వినిపించింది "టక్" మని చప్పుడు.

"అక్కా, కొట్టిన తరువాత కదా చప్పుడు వచ్చింది!" అన్నది చెల్లి.

"మైకులో ఏదో లోపం ఉండి ఉంటుంది" అన్నది అక్క.

మైకులో లోపమేమీ లేదు. మరి బ్యాటుకు బంతి తగలడం, చప్పుడు పుట్టడం ఒకే క్షణంలో జరిగాయి గదా! ఒకటి ముందు, ఒకటి వెనుక ఎందుకు వచ్చాయి? ఈ చిన్న ప్రశ్న వెంట నడిస్తే చాలా దూరం పోవచ్చు. చివరకు ప్రాణం కాపాడుకునే ఒక ఉపాయం కూడా చేతికి దొరుకుతుంది. పదండి, నడుద్దాం.

చప్పుడు ఎలా నడుస్తుంది?

బంతి తగలగానే బ్యాటు కొయ్య కంపిస్తుంది. ఆ కంపనం పక్కనున్న గాలిని నెడుతుంది. ఆ గాలి తన పక్కనున్న గాలిని నెడుతుంది. బస్సులో వెనుక నిలబడ్డ వాళ్లు తోస్తే ఆ తోపు ఒకరి నుండి ఒకరికి పాకి ముందు నిలబడ్డ వాళ్లకు తగులుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. మనుషులు ఉన్నచోటనే ఉంటారు. తోపు మాత్రమే ముందుకు పోతుంది. ధ్వని తరంగమంటే ఇదే. గాలి అణువులు ఒకదానినొకటి తోసుకుంటూ పోవాలి కనుక ధ్వనికి కొంత కాలం పడుతుంది.

కాంతికి ఈ బాధ లేదు. అది సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మీరు బ్యాట్స్‌మన్‌కు 100 మీటర్ల దూరంలో కూర్చుంటే, ఆ దృశ్యం మీ కంటికి చేరడానికి సెకనులో 30 లక్షల వంతు చాలు. అదే 100 మీటర్లు రావడానికి చప్పుడుకు ఇంచుమించు 0.29 సెకను పడుతుంది.

"అంతేనా!" అనకండి. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో బ్యాటు నుండి బయలుదేరిన బంతి సెకనుకు 40 మీటర్లు పోతుంది. అంటే మీకు "టక్" అని వినిపించే వేళకు బంతి బ్యాటును వదిలి దాదాపు 11 మీటర్లు దాటిపోయింది.

ఇంకొకటి గమనించండి. అటువైపు గ్యాలరీలో వాళ్లు తాళం వేస్తూ చప్పట్లు కొడుతుంటే వాళ్లతో చేతులు కలపబోతారు. ఎంత ప్రయత్నించినా తాళం తప్పుతుంది. వాళ్లు మీకు 200 మీటర్ల దూరంలో ఉంటే, వాళ్ల చప్పట్లు మీ చెవిన పడేసరికి అర సెకను దాటిపోతుంది. మీ చప్పట్లు వాళ్లకు చేరడానికి మళ్లీ అంత కాలం. అంత పెద్ద మైదానంలో అందరికీ ఒకే తాళం కుదరకపోవడం తప్పు కాదు, ధ్వని స్వభావం.

మనకు వేసవిలో క్రికెట్టు ఎలాగో, అమెరికాలో కుటుంబాలకు బేస్‌బాల్ అలాగ. అక్కడ కొట్టేవాడికి దాదాపు 90 మీటర్ల దూరంలో నిలబడే ఆటగాడు ఈ చప్పుడును ఉపయోగించుకుంటాడు. బంతి తనవైపే నేరుగా లేస్తే అది ఎంత దూరం వస్తుందో కంటితో వెంటనే చెప్పడం కష్టం. కాని పావు సెకను తరువాత చెవికి వచ్చే చప్పుడు గట్టిగా, స్ఫుటంగా ఉంటే బంతి బాగా తగిలిందని వెనక్కు పరుగెత్తుతాడు. మొద్దుగా ఉంటే ముందుకు వస్తాడు. యేల్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రజ్ఞుడైన రాబర్ట్ అడైర్ ఈ సంగతిని వివరించాడు.

పుస్తకంలో 340, మన ఊళ్లో 355

ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లని మీరు చదివి ఉంటారు. అది సుమారు 15 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రత దగ్గర మాట. హైదరాబాదులో చలికాలపు తెల్లవారుజామున సరిపోతుంది. గాలి వేడెక్కితే అణువుల కదలిక వేగం పెరుగుతుంది. తోపు త్వరగా పాకుతుంది. ప్రతి డిగ్రీకి ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. లెక్క కట్టండి: 0 డిగ్రీల దగ్గర 331, 30 డిగ్రీల దగ్గర 349, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల దగ్గర 355. ఎండలో మనం నీరసపడతాం గాని ధ్వని హుషారవుతుంది!

ఈ సంగతిని మన దక్షిణ దేశంలోనే రెండు వందల ఏళ్ల కిందట కొలిచి చూశారు. మద్రాసు నక్షత్రశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. సెయింట్ జార్జి కోటలో ఒక ఫిరంగి, పరంగిమలై మీద మరొక ఫిరంగి పేలేవి. కోట నక్షత్రశాలకు నాలుగు కిలోమీటర్లకు పైగా దూరం. పరంగిమలై దాదాపు 9 కిలోమీటర్లు. ఫిరంగి వెలుగు కనిపించిన క్షణం నుండి మోత వినిపించే వరకు ఎన్ని సెకన్లు పట్టిందో గడియారంతో లెక్కపెట్టడం, వేడిని, తేమను, గాలి వీచే తీరును రాసుకోవడం ఆ ప్రయోగంలోని పని. 1820, 1821 సంవత్సరాలలో ఇలా కొలిచి, 1823లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. చలి నెలల్లో ధ్వని వేగం తక్కువగా, వేడి నెలల్లో ఎక్కువగా ఉన్నట్లు ఆ లెక్కలు చూపాయి. దూరం తెలిస్తే కాలాన్ని కొలిచి వేగం కనుక్కోవచ్చు. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దీన్ని తలకిందులు చేద్దాం.

తాతయ్య ముందా, మీరు ముందా?

ఉప్పల్ స్టేడియం కట్టక ముందు మన నగరంలో పెద్ద మ్యాచ్‌లు ఫతే మైదానంలో జరిగేవి. 1955 నవంబరులో భారత, న్యూజిలాండ్ జట్లు అక్కడ టెస్టు ఆడాయి. 1967 నుండి దానికి లాల్ బహదూర్ స్టేడియమని పేరు. ఆ రోజుల్లో పాతబస్తీలో ఇంట్లో కూర్చుని రేడియో వింటున్న మనిషికి బ్యాటు చప్పుడు ముందు వినిపిస్తుందా, స్టేడియంలో 100 మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికా? మైకు పిచ్‌కు 50 మీటర్ల దూరంలో ఉన్నదనుకోండి.

జవాబు మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది: ఇంట్లో ఉన్న మనిషికే! చప్పుడు 50 మీటర్లు గాలిలో నడిచి మైకులో పడితే, అక్కడి నుండి రేడియో తరంగం కాంతి వేగంతో పోతుంది. అయిదు కిలోమీటర్లు దానికొక లెక్క కాదు.

మరి నేటి సంగతి? ఇప్పుడు బొమ్మను, ధ్వనిని అంకెలుగా మార్చి, ఉపగ్రహానికి పంపి, మళ్లీ బొమ్మగా మార్చేసరికి కొన్ని సెకన్లు గడుస్తాయి. కనుక ఇప్పుడు తాతయ్య కన్నా మీరే ముందు వింటారు. స్టేడియం పక్క వీధుల్లో ఉండేవాళ్ల అనుభవం ఇంకా తమాషా. కిటికీలోంచి జనం హోరు ముందు వినిపిస్తుంది. టీవీలో సిక్సరు ఆ తరువాత కనిపిస్తుంది!

మీరే కొలవండి

ధ్వని వేగాన్ని కొలవడానికి ఫిరంగి అక్కరలేదు. ఒక రేకు డబ్బా, ఒక కర్ర, దారం, చిన్న రాయి, ఇంటివాళ్లు ఉంటే చాలు. ఉదయాన్నే, వాహనాలు తిరగని పెద్ద మైదానానికి వెళ్లండి.

దారానికి రాయి కట్టి వేలాడదీయండి. ముడి నుండి రాయి మధ్య వరకు పొడవు 25 సెంటీమీటర్లు ఉండాలి. దీన్ని మెల్లగా ఊపితే ఈ కొస నుండి ఆ కొసకు పోవడానికి సరిగ్గా అర సెకను పడుతుంది. చెల్లి ఈ లోలకాన్ని పట్టుకుంటుంది. అక్క దాన్ని చూస్తూ, రాయి కొసకు చేరిన ప్రతిసారీ కర్రను బాగా పైకెత్తి డబ్బా మీద కొడుతుంది. మీరు అక్కను చూస్తూ మెల్లగా వెనక్కు నడవండి.

మొదట దెబ్బ, చప్పుడు కలిసే ఉంటాయి. దూరం పోయినకొద్దీ చప్పుడు వెనుకబడుతుంది. కొంత దూరం తరువాత చిత్రంగా దెబ్బ, చప్పుడు మళ్లీ కలుస్తాయి! అక్కడ ఆగండి. మీరు వింటున్నది ఇప్పుడు కనిపిస్తున్న దెబ్బది కాదు, దాని ముందు దెబ్బది. అంటే ధ్వని మీ దాకా రావడానికి అర సెకను పట్టింది. ఆ దూరాన్ని నాన్న టేపుతో కొలుస్తారు. దాన్ని రెండుతో గుణిస్తే సెకనుకు ధ్వని వేగం వస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఆ దూరం 175 మీటర్లకు అటూ ఇటూగా ఉండాలి. నాలుగైదుసార్లు చేసి సగటు తీయండి. ఇదే ప్రయోగం చలికాలంలో మళ్లీ చేసి పోల్చి చూడండి.

మెరుపుకూ ఇదే లెక్క

మన వేసవి సాయంత్రాల్లో ఉన్నట్టుండి మబ్బులు కమ్మి ఉరుములు, మెరుపులతో వాన పడడం మీకు తెలిసినదే. 2024 మే 16న ఉప్పల్‌లో జరగవలసిన మ్యాచ్ వాన వల్ల ఒక్క బంతి కూడా పడకుండానే రద్దయింది. 2025 మే 5న ఒక జట్టు ఆడిన తరువాత వాన వచ్చి ఆట నిలిచిపోయింది.

మెరుపు పోయే దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం కన్నా ఇది అయిదు రెట్ల వేడి. ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించడమే ఉరుము. మెరుపు కిలోమీటర్ల పొడవుంటుంది. దాని దగ్గర భాగం నుండి ధ్వని ముందు, దూర భాగం నుండి తరువాత వస్తుంది. అందుకే ఉరుము ఒక్క దెబ్బతో ఆగక దొర్లుకుంటూ పోతుంది.

ఇప్పుడు గోల్డింగ్‌హామ్ సూత్రాన్ని తలకిందులు చేద్దాం. అక్కడ దూరం తెలుసు, వేగం కనుక్కోవాలి. ఇక్కడ వేగం తెలుసు, దూరం కనుక్కోవాలి. మెరుపు కనిపించగానే సెకన్లు లెక్కపెట్టండి. ఉరుము వినిపించగానే ఆపి, మూడుతో భాగించండి. అన్ని కిలోమీటర్ల దూరంలో మెరిసిందన్న మాట.

చార్మినారు నుండి ఉప్పల్ స్టేడియానికి తిన్నగా గీత గీస్తే తొమ్మిదిన్నర కిలోమీటర్లు ఉంటుంది. పాతబస్తీ మీద మెరుపు మెరిస్తే స్టేడియంలో ఉన్న మీకు ఉరుము 27 సెకన్ల తరువాత వినిపిస్తుంది. "అబ్బో, ఎంతో దూరం! ఇక్కడ చినుకైనా లేదు" అనిపిస్తుంది. అక్కడే పొరపాటు పడతాం. పిడుగు మబ్బుకు 10 కిలోమీటర్ల అవతల కూడా పడగలదు. ఈసారి అక్కడ మెరిసింది, మరుసటిసారి మీరున్న చోటే పడవచ్చు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. పొలాల్లో, ఆరుబయట పనిచేసేవాళ్లే వారిలో ఎక్కువ.

కనుక రెండు ముప్పైలను గుర్తుంచుకోండి. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లు గాని అంతకన్నా తక్కువ గాని ఉంటే ఆట ఆపి లోపలికి పోవాలి. చివరి ఉరుము వినిపించిన తరువాత 30 నిమిషాలు గడిచే వరకు బయటికి రాకూడదు. లెక్క కుదరకపోతే ఉరుము వినిపించడమే హెచ్చరిక అనుకోండి. పక్కా భవనం లోపల గాని, అద్దాలు మూసిన కారులో, బస్సులో గాని ఉండడం మేలు. బండి లోహపు ఒళ్లు విద్యుత్తును బయటినుండే నేలకు పంపేస్తుంది. ఆటోకు పక్కలు తెరిచి ఉంటాయి కనుక అది పనికిరాదు. చెట్టు కిందికి అసలే పోకూడదు. తెరిచి ఉన్న గ్యాలరీ కూడా క్షేమం కాదు.

ఇప్పుడు మళ్లీ స్టేడియానికి వద్దాం. ఆట జోరుమీద ఉన్నది. నైరుతి దిక్కున, మీ ఇల్లున్న వైపు, ఆకాశం తళుక్కుమన్నది. జనమంతా బంతినే చూస్తున్నారు. చెల్లి మాత్రం లెక్కపెడుతున్నది: "ఇరవై అయిదు... ఇరవై ఆరు... ఇరవై ఏడు..." దూరంగా ఉరుము దొర్లింది.

అక్క వెంటనే ఇంటికి ఫోను చేసింది: "తాతయ్యా, డాబా మీద బట్టలు ఉన్నా సరే, పైకి వెళ్లకండి. ఇంట్లోనే ఉండండి."

నాన్న లేచి నిలబడ్డారు. "పదండి, మనమూ కాసేపు లోపలికి పోదాం" అన్నారు.