ఆ క్లిక్కు ఖరీదెంత?

మసాయి మారా సఫారీకి వెళ్లొచ్చిన వాళ్లకి మిగిలేవి ఫొటోలే. పెద్ద లెన్సు ఉంటే మంచి ఫొటో వస్తుందనుకుంటారు చాలామంది. కానీ అంతకన్నా ముందు కావాల్సినవి రెండున్నాయి... కాస్త దూరం, కాసింత ఓపిక!

ఉదయం ఆరున్నర. కెన్యాలోని మసాయి మారా గడ్డిమైదానం మీద ఎండ అప్పుడప్పుడే పరచుకుంటోంది. పుట్ట మీద కూర్చున్న తల్లి చీతా మెడ నిక్కించి, దూరంగా మేస్తున్న గజెల్ జింకల్నే చూస్తోంది. కింద గడ్డిలో పిల్లలు ఒకదాని తోక ఒకటి కొరుకుతూ ఆడుకుంటున్నాయి. అల్లంత దూరంలో ఆగిన ఒకే ఒక్క జీపులోంచి... క్లిక్, క్లిక్!

ఐదు నిమిషాలు గడిచాయో లేదో, డ్రైవర్ల రేడియోల్లో కబురు పాకిపోయింది. రెండు, ఐదు, పది, పదిహేను... దుమ్ము రేపుకుంటూ బళ్లు వచ్చేశాయి. 'ఇంకాస్త దగ్గరికి పోనీ' అంటూ వెనక సీటులోంచి ఓ గొంతు. జింకలు చెదిరిపోయాయి. తల్లి పుట్ట దిగి, పిల్లల్ని వెంటేసుకుని ఎత్తుగా పెరిగిన గడ్డిలోకి వెళ్లిపోయింది. బళ్లలో ఉన్న అందరికీ ఫొటోలు దొరికాయి. చీతాకి మాత్రం ఆ పూట తిండి దొరకలేదు.

పర్యాటకులు పోటెత్తే జులై-అక్టోబరు నెలల్లో మారాలో తరచూ కనిపించే దృశ్యమే ఇది.

తుపాకీ పోయి కెమెరా వచ్చింది

'సఫారీ' అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం. అరబ్బీలోని 'సఫర్' నుంచి పుట్టిందా మాట. హైదరాబాదీలు ప్రయాణాన్ని సఫర్ అంటారే, అదే ఇదీ! నూరేళ్ల కిందట మాత్రం సఫారీ అంటే వేటే. అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిపోయిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో తూర్పు ఆఫ్రికాకు వచ్చారు. మ్యూజియం కోసమంటూ కొడుకుతో కలిసి 500కు పైగా జంతువుల్ని కాల్చారు. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న... ఈ ఐదింటినీ కలిపి 'బిగ్ ఫైవ్' అనడమూ వేటగాళ్ల అలవాటే. కాలినడకన వెళ్లి వేటాడటం ప్రాణాంతకం కాబట్టి వాటికా పేరు పెట్టారు. ఇప్పుడు పర్యాటకులు అదే జాబితా పట్టుకుని ఫొటోల కోసం తిరుగుతున్నారు.

వేట రోజుల్లోనే కెమెరా పట్టిన వాళ్లూ లేకపోలేదు. జర్మనీకి చెందిన కార్ల్ గియోర్గ్ షిల్లింగ్స్ రాత్రిపూట మెగ్నీషియం పొడి మండించి, ఆ వెలుగులో జంతువుల్ని ఫొటోలు తీశారు. వాటితో ఆయన వేసిన పుస్తకం 1905 నాటికి యూరప్‌లో సంచలనం. అలాగని ఆయన తుపాకీ వదల్లేదు. రెండూ మోసుకెళ్లేవారు. చివరికి 1977లో కెన్యా ప్రభుత్వం వేటను పూర్తిగా నిషేధించింది. ఇక మిగిలింది కెమెరానే. దాంతో జంతువులకు ఏ హానీ ఉండదనే అందరూ అనుకున్నారు.

పిల్లలేవీ?

ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చింది ఫెమ్కె బ్రూఖుయిస్ అనే పరిశోధకురాలు. 2013 నుంచి 2017 వరకు మారాలోని తల్లి చీతాల్ని గమనించి, 2018లో ఆ వివరాలు ప్రకటించారామె. పర్యాటకులు తక్కువగా తిరిగేచోట ఒక తల్లి సగటున 2.3 పిల్లల్ని పెంచి పెద్ద చేయగలుగుతోంది. అదే బళ్లు ఎక్కువగా తిరిగేచోట? కేవలం 0.2. అంటే ఐదు తల్లులకు కలిపి ఒక్క పిల్ల!

బళ్ల కింద పడి పిల్లలు చచ్చిపోతున్నాయని కాదు. కారణం వేరే. సింహాలు, హైనాలు రాత్రిళ్లు ఎక్కువగా వేటాడతాయి. వాటితో గొడవ పడలేని చీతా పగలు వేటాడుతుంది. సరిగ్గా సందర్శకులు తిరిగే వేళ అన్నమాట! చీతా పరుగు మెరుపే కానీ, ఆ వేగం కొద్ది క్షణాలే. అందుకే చాటుమాటుగా వీలైనంత దగ్గరికి చేరాలి. మధ్యలో జీపు అడ్డొచ్చి జింక ఒక్కసారి బెదిరితే పడ్డ శ్రమంతా వృథా. ఒకవేళ వేట దొరికినా, చుట్టూ సందడి ఉంటే తల్లి స్థిమితంగా తినలేదు. వేట తప్పితే పస్తు తల్లికే కాదు, పిల్లలకీ. ప్రపంచం మొత్తమ్మీద అడవుల్లో మిగిలిన చీతాలు సుమారు 7 వేలని 2016లో అంచనా వేశారు. అందుకే ప్రతి పిల్లా లెక్కే.

నది దాటనివ్వండి

మారా అనగానే గుర్తొచ్చే మరో ఫొటో... మొసళ్లున్న నదిలోకి దూకే వైల్డ్‌బీస్ట్‌లది. టాంజానియాలోని సెరెంగెటి నుంచి లక్షల జంతువులు పచ్చగడ్డి వెతుక్కుంటూ ఏటా జులై ప్రాంతంలో మారాకి వస్తాయి. ఒడ్డుకి వచ్చిన మంద వెంటనే దూకదు. గంటల తరబడి తటపటాయిస్తుంది. ఒక్కటి ముందడుగు వేస్తే మిగతావన్నీ దాని వెనకే. ఆ క్షణంలో బళ్లు ఒడ్డు మీదికి దూసుకొస్తే మంద వెనక్కి మళ్లుతుంది. లేదంటే నిటారైన ఒడ్డున్న చోట దూకి కాళ్లు విరగ్గొట్టుకుంటుంది. 2025 జులైలో సెరెంగెటిలో ఏకంగా బళ్లు దిగి, మందకు అడ్డంగా నిలబడ్డ సందర్శకుల వీడియో ప్రపంచమంతా తిరిగి విమర్శల పాలైంది.

ఐదు బళ్లు, 25 మీటర్లు

నిబంధనలు లేక కాదు. మారా అభయారణ్యంలో ఒక జంతువు దగ్గర ఒకేసారి ఐదు బళ్లకి మించి ఉండకూడదు. కనీసం 25 మీటర్ల దూరం పాటించాలి. దారి వదిలి గడ్డిలోకి దిగకూడదు. విదేశీ పెద్దలకి ప్రవేశ రుసుము రోజుకి జనవరి-జూన్ మధ్య 100 డాలర్లు, జులై-డిసెంబరు మధ్య 200 డాలర్లుగా 2024లో పెంచారు. చిక్కల్లా అక్కడే. అంత డబ్బు పోసినవాళ్లు దగ్గరి ఫొటో కావాలంటారు. డ్రైవర్‌కి టిప్పు ఇచ్చేది వాళ్లే. కాదనడం అతనికి కష్టం.

దీనికో దారి చూపింది స్థానికులే. అభయారణ్యం చుట్టూ ఉన్న తమ భూముల్ని మసాయి కుటుంబాలు పర్యాటక సంస్థలకి లీజుకిచ్చి 'కన్జర్వెన్సీ'లుగా మార్చుకున్నాయి. గదులు తక్కువ, బళ్లూ తక్కువ. నెలనెలా అద్దె వస్తుంది, జంతువులకీ చోటు దొరుకుతుంది. బ్రూఖుయిస్ అధ్యయనంలో పిల్లలు ఎక్కువగా బతికింది బళ్ల రద్దీ లేని ఇలాంటి చోట్లే.

మంచి ఫొటో ఇలా!

* బయల్దేరే ముందే డ్రైవర్‌తో 'దూరంగానే ఆపండి, మాకు తొందర లేదు' అని చెప్పాలి. టిప్పు తగ్గదని తెలిస్తే అతనికీ ధైర్యం.

* సూర్యోదయం తర్వాత గంట, అస్తమయానికి ముందు గంట వెలుగు మెత్తగా, బంగారు రంగులో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం తీసినవి వెలవెలబోతాయి.

* బండి కంపిస్తుంటే ఫొటో చెదురుతుంది. ఇంజిన్ ఆపించాలి. కిటికీ మీద బియ్యమో పప్పో నింపిన గుడ్డసంచి వేసి, దానిపై లెన్సు ఆనిస్తే కదలదు.

* ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. పరిగెత్తే జంతువుకి షటర్ వేగం సెకనులో వెయ్యోవంతు గానీ, అంతకన్నా వేగంగా గానీ ఉండాలి.

* ఫోనే ఉందని దిగులొద్దు. ఒంటరి చెట్టు, విశాలమైన ఆకాశం, చీమలబారులా కదిలే మంద... వీటికి పెద్ద లెన్సు అక్కర్లేదు.

* ఖడ్గమృగం ఫొటోని లొకేషన్ వివరాలతో నెట్‌లో పెట్టకూడదు. దొంగవేటగాళ్లకి దారి చూపినట్టే.

* కెమెరాకి దుమ్ము పట్టకుండా క్యారీబ్యాగు చుట్టే అలవాటుంటే మానుకోవాలి. కెన్యాలో వాటిని 2017లో నిషేధించారు. డ్రోన్లూ అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి.

ఓపికకి దొరికిన ఫొటో

మారాలో ఐదు మగ చీతాలు జట్టుగా తిరిగేవి. 'తానో బోరా' అని వాటికి పేరు. 2020 జనవరిలో భారీ వర్షాలకి తాలెక్ నది పొంగింది. ఆ ఐదూ ఒడ్డు వెంట పైకీ కిందకీ తిరుగుతుంటే, బుద్ధిలిని డిసోయ్‌జా అనే ఫొటోగ్రాఫర్ గంటల తరబడి గమనిస్తూ ఉన్నారు. ఉన్నట్టుండి ముందున్నది నీళ్లలోకి దూకింది. వెనకే మిగతావీ. సుడులు తిరిగే నీళ్లలో పళ్లు బిగబట్టి ఈదుతున్న ఐదు తలలు... ఆ ఫొటో 2021 'వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్' పోటీల్లో ప్రశంస అందుకుంది. చీతాలేమో అవతలి ఒడ్డెక్కి, ఒళ్లు దులుపుకుని వేటకి వెళ్లిపోయాయి.

ఫొటో తీశాక జంతువు తన పని తాను చూసుకోవాలి. అప్పుడే అది మంచి ఫొటో.