ఆంగ్లభాషయందలి పరోక్షకథనము – తెలుఁగునందలి ‘అని’ శబ్దము

ఒకఁడు పలికిన మాటను మఱియొకఁడు చెప్పుటకు ఆంగ్లభాషయందు రెండు మార్గములు గలవు. పలికిన మాటను పలికినట్లే ఉద్ధరణచిహ్నముల నడుమ నుంచి చెప్పుట ప్రత్యక్షకథనము. దాని యర్థమును గ్రహించి తన వాక్యములో నిముడ్చుకొని చెప్పుట పరోక్షకథనము. మొదటిదానిని రెండవదానిగా మార్చుట పాఠశాలలయందు నిత్యాభ్యాసమై యున్నది. అయినను ‘నౌ’ అనుదానికి ‘దెన్’, ‘హియర్’ అనుదానికి ‘దేర్’, ‘టుడే’ అనుదానికి ‘దట్ డే’ అని పట్టికలను కంఠస్థము చేయించుటయే తఱచు. పట్టిక ఆదేశములను జెప్పును గాని వాని నిమిత్తమును జెప్పదు. నిమిత్త మెఱుఁగని విద్యార్థి ఆదేశమును అస్థానమునఁ జేయును.

ముందుగా పేరును గూర్చి యొక మాట. పాణినీయమున లిట్టునకు నిమిత్తముగాఁ జెప్పఁబడిన పరోక్షత్వము క్రియకు సంబంధించినది; వక్త కన్నులారఁ జూడని క్రియ యని దాని భావము. ఇచ్చటి పరోక్షత్వము మాటకు సంబంధించినది. మాట యొకనిదై, దానిని వినిపించు నోరు వేఱొకనిది యగుటయే యిందలి విశేషము. ఈ రెంటిని కలపరాదు.

ఆంగ్లమందలి మార్పుల కన్నిటికిని మూలసూత్ర మొక్కటియే. ‘నేను, నీవు, ఇచ్చట, ఇప్పుడు, రేపు’ అను శబ్దములకు స్థిరమైన యర్థము లేదు. అవి వక్తనుబట్టి యర్థ మిచ్చును. ప్రత్యక్షకథనమందు అవి మూలవక్తను ఆశ్రయించి యుండును. పరోక్షకథనమందు అనువక్త, అనఁగా మరలఁ జెప్పువాఁడు, వానిని తన చోటినుండియు తన కాలమునుండియు కొలిచి చెప్పవలెను. ‘ఐ షల్ కమ్ టుమారో’ అని రాముఁడు సోమవారమునాఁడు పలికె ననుకొందము. బుధవారమునాఁడు దానిని జెప్పువాఁడు ‘రామ సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే’ అనవలెను. సోమవారమునాఁడే చెప్పునెడల ‘టుమారో’ మాఱ నక్కఱలేదు. ఏలయన ఇరువురకును రేపు ఒక్కటియే. అట్లే కాకినాడలోఁ బలికిన ‘హియర్’ శబ్దమును కాకినాడలోనే చెప్పునపుడు మార్పు లేదు. మచిలీపట్నమునందుఁ జెప్పునపుడు ‘దేర్’ అగును. పట్టికను నమ్మినవాఁడు రెండుచోట్లను మార్చి, ఒకచోట అనృతము పలుకును.

క్రియకును ఇదియే మార్గము. ‘సెడ్’, ‘టోల్డ్’ మొదలగు ఉక్తిక్రియ భూతకాలమందున్నచో లోపలి క్రియ యొక మెట్టు వెనుకకు జరుగును: ‘ఈజ్’ అనునది ‘వజ్’, ‘వెంట్’ అనునది ‘హ్యాడ్ గాన్’, ‘విల్’ అనునది ‘వుడ్’, ‘కెన్’ అనునది ‘కుడ్’ అగును. డెన్మార్కు పండితుఁడగు ఆటో యెస్పర్సన్ 1924లోఁ బ్రకటించిన ‘ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’ అను గ్రంథమున దీనిని ‘బ్యాక్-షిఫ్టింగ్’ అని వ్యవహరించెను. ఉక్తిక్రియ వర్తమానమైనచో ఈ జరుగుట లేదు. చెప్పిన విషయము ఇప్పటికిని సత్యమని అనువక్త యొప్పుకొనునపుడు ఇది వైకల్పికము. కావున ‘హి సెడ్ దట్ ది అర్త్ ఈజ్ రౌండ్’ అనుట సాధువే. ‘షి ఈజ్ ఇల్’ అని నిలిపినచో ఆమె యింకను రోగముతో నున్నదని తోఁచును. ‘షి వజ్ ఇల్’ అనినచో నేఁటి సంగతి తేలదు.

తెలుఁగు మార్గము వేఱు. సంస్కృతమందలి ‘ఇతి’ శబ్దమువలె మన ‘అని’ వాక్యాంతమున నిలిచి, తనకు ముందున్న మాటను ప్రాయికముగ యథాతథముగనే కాపాడును. ‘తాను మఱునాఁడు వచ్చెదనని రాముఁడు చెప్పెను’ అను వాక్యమును బరీక్షింపుఁడు. ‘నేను’ అనుదానికి ‘తాను’ వచ్చినది. ‘రేపు’ అనుదానికి ‘మఱునాఁడు’ వచ్చినది. కాని ‘వచ్చెదను’ అను క్రియ ఉత్తమపురుషమును విడువలేదు, కాలమును మార్చుకొనలేదు. సర్వనామము అనువక్తది, క్రియ మూలవక్తది. తెలుఁగు బాలుఁడు ‘రామ సెడ్ దట్ హి విల్ కమ్’ అని వ్రాయుటకు హేతు విదియే. అది బుద్ధిమాంద్యము గాదు, మాతృభాషాసంస్కారము. రాముఁడు వచ్చుట యింకను జరుగవలసి యున్నప్పుడే యా వాక్యము చెల్లును. ‘రామ సెడ్ దట్ ఐ విల్ కమ్’ అని వ్రాసినచో రాముని రాక పోయి వ్రాసినవాని రాక యగును.

ప్రశ్నలయందును విధులయందును ఈ భేదమే కనఁబడును. ‘వేర్ ఆర్ యు గోయింగ్’ అను ప్రశ్న ‘హి ఆస్క్డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్’ అయి, ప్రశ్నక్రమమును గోల్పోవును; అవునో కాదో యను ప్రశ్నకు ‘ఇఫ్’ గాని ‘వెదర్’ గాని చేరును. ‘గో’ అను విధి ‘టోల్డ్ మి టు గో’ అని తుమున్నర్థకమగును. తెలుఁగున ‘వచ్చెదవా యని యడిగెను’, ‘పొమ్మని చెప్పెను’ అనుచోట్ల ప్రశ్నయు విధియు చెక్కుచెదరవు.

లాభము ఎల్లప్పుడును ఆంగ్లమునదే యని తలఁపరాదు. ‘తాను కొట్టితినని వాఁడు చెప్పెను’, ‘అతఁడు కొట్టెనని వాఁడు చెప్పెను’ అను వాక్యములు తెలుఁగున స్పష్టముగ భిన్నములు. ఆంగ్లమున రెండును ‘హి సెడ్ దట్ హి హ్యాడ్ స్ట్రక్ ద బాయ్’ అను నొక్క వాక్యమే యగును. సాక్షి మాటను భాషాంతరీకరించువాఁడు ఇచ్చట ఏమఱినచో నేరము ఒకని తలనుండి యొకని తలకు మాఱును. అట్టి స్థలమున సర్వనామమును విడిచి పేరు చెప్పుట, లేదా ప్రత్యక్షకథనమునే నిలుపుట కర్తవ్యము.

కావున ఉపాధ్యాయుఁడు పట్టికకు ముందు నాలుగు ప్రశ్నల నడిగింపవలెను: పలికినవాఁ డెవఁడు? ఎవనితోఁ బలికెను? ఎప్పుడు, ఎచ్చటఁ బలికెను? మరలఁ జెప్పువాఁ డెవఁడు, ఎప్పు డెచ్చట నున్నాఁడు? వీనికి ఉత్తర మెఱిఁగినవానికి పట్టిక తానే సిద్ధించును. ఎఱుఁగనివానికి పట్టిక యున్నను లేనట్లే.